మైకు చేతికొచ్చినప్పుడు: సభలో ధైర్యంగా మాట్లాడటం నేర్చుకునే దారి

పరకాల వైపు ఒక మండల సమాఖ్య సమావేశంలో చూసిన సంగతి ఇది. ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు మాట్లాడటానికి లేచారు. అరగంట ముందు చాయ్ తాగుతూ ఆమె తమ సంఘం లెక్కలన్నీ కాగితం చూడకుండా మాకు చెప్పారు. ఎవరికి ఎంత లోన్, ఎవరు ఎన్ని కిస్తీలు కట్టారు, అన్నీ నోటి మీదే. మైకు చేతికి రాగానే మాత్రం కొంగుముడిలోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "సభాముఖంగా తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టారు. ఆ మాటలు ఆమెవి కావు, ఊళ్లో ఎవరో రాసిచ్చారు. మూడో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయింది. కాగితం వణుకుతుంటే దాని చప్పుడు మైకులో వినిపించింది. "మాఫ్ చేయండి" అని కూర్చున్నారు. మీటింగ్ అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ నాతో అన్నారు: "లోన్ పైసలు రెండు నెలలు లేటయితే విత్తనాలు ఆగుతయా సార్? నేను చెప్పాలనుకున్నది గిదే."

ఆ ఒక్క మాట లోపల అని ఉంటే, ఎదురుగా కూర్చున్న అధికారి పెన్ను తీసేవాడు.

హనుమకొండ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లలను వక్తృత్వ పోటీలకు తయారు చేశాను. ఇప్పుడు సంఘాల అక్కలు, ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు, మొదటిసారి వార్డు సభ్యులైనవాళ్లు వస్తుంటారు. అందరూ ఒకే మాట అంటారు: "గింతమంది ముంగట ఎట్ల మాట్లాడాలె?" ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, మన దగ్గర సగం మందికి ఉన్నది సభ అంటే భయం కన్నా తమ మాట అంటే ఉన్న భయం. ఇంట్లో మాట్లాడే మాట సభకు పనికిరాదనుకుని, రాని భాషలోకి దూకి అక్కడ మునిగిపోతారు. కింద చెప్పే పద్ధతి అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి మెట్టు: ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం

పేరు పిలవగానే గుండె దడదడలాడుతుంది. నోరు ఎండిపోతుంది, అరచేతులు తడుస్తాయి, మోకాళ్లు వణుకుతాయి. ఇది పిరికితనం కాదు. ప్రమాదం వచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ వదులుతుంది. పారిపోవడానికో, ఎదురు తిరగడానికో కావలసిన శక్తిని సిద్ధం చేస్తుంది. లాలాజలం తగ్గడం, ఊపిరి పైపైన ఆడటం అందులో భాగమే. ఎన్నో సభల్లో మాట్లాడినవాళ్లకు కూడా ఈ దడ ఉంటుంది. వాళ్లకు అది అలవాటైపోయింది, అంతే తేడా.

నేను చూసినంతలో ఈ టెన్షన్ మొదటి నిమిషంలోనే ఎక్కువ. ఆ తర్వాత తనంతట తానే దిగుతుంది. కాబట్టి మనం దాటాల్సింది ఆ ఒక్క నిమిషం. దానికి మూడు పనులు చేయండి. పిలుపు రాకముందు కుర్చీలో కూర్చునే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఏడెనిమిది అంకెల దాకా మెల్లగా వదలండి. అలా ఐదారుసార్లు. వదిలే గాలి పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండటమే ఇందులో కిటుకు, గుండె వేగం తగ్గేది అప్పుడే. రెండోది, హాలుకు అందరికన్నా ముందు వెళ్లి, ఖాళీ వేదిక మీద నిలబడి, అక్కడి నుంచి కుర్చీలు ఎలా కనిపిస్తాయో చూసుకోండి. మూడోది, మొదటి మూడు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పేలా కంఠస్థం చేయండి. ఆ మూడే. మొత్తం ప్రసంగం బట్టీ పట్టొద్దు. బట్టీ పట్టిన ప్రసంగంలో ఒక్క మాట జారితే వెనకున్నవన్నీ జారతాయి.

రెండో మెట్టు: మీ మాటను మీరు ఒప్పుకోవడం

కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం మాట్లాడే భాషే రాతలోకీ సభలోకీ రావాలని ఆయన జీవితమంతా వాదించారు. ఆ రోజు స్టేజీ మీద మన పిల్లలు చదివే ప్రసంగాలు వింటే నాకు బాధేస్తుంది. "కలదు", "జరుపబడుచున్నది", "అనుటలో సందేహం లేదు" అంటూ ఎవరూ మాట్లాడని భాషలో మాట్లాడే భాష గొప్పతనం చెబుతుంటారు.

దీనికి నేను చేయించే సాధన ఒకటే. ముందు రాయొద్దు, ముందు చెప్పండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ దోస్తుకో చెల్లెకో ఆ విషయం చెబుతున్నట్టు రెండు నిమిషాలు మాట్లాడండి. తర్వాత అది వింటూ, మీరు అన్న మాటలనే కాగితం మీద పెట్టండి. అప్పుడు కాగితం మీదికి వచ్చేది మీ గొంతు. ముందు రాసి తర్వాత చదివితే ఈ పని ఎప్పటికీ జరగదు.

"గిట్ల, గట్ల, అచ్చింది అంటే నవ్వుతారేమో" అని అడుగుతారు. మీ ఊరి గ్రామసభలో ఎవరూ నవ్వరు. యూనివర్సిటీలోనో ఇంటర్వ్యూలోనో అందరికీ తెలిసిన మామూలు తెలుగు మాట్లాడండి, మీ ఉచ్చారణ మీదే ఉండనివ్వండి. వేరే జిల్లాలవాళ్లకు తెలియని మాట వస్తే పక్కనే అర్థం చెప్పండి, ఉదాహరణకు "మత్తడి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లే చోటు" అని. అలా చెప్పిన మాట వాళ్లకూ గుర్తుండిపోతుంది. లోన్, ఆన్‌లైన్, రిపేరు లాంటి మాటలకు తెలుగు వెతుక్కుంటూ వేదిక మీద ఆగిపోవడం అనవసరం.

మూడో మెట్టు: ఒక్క వాక్యం

వినేవాళ్లు ఇంటికి వెళ్తారు. "మీటింగ్‌లో ఏం చెప్పిండ్రు?" అని ఇంట్లో అడుగుతారు. వాళ్లు ఏం జవాబు చెప్పాలని మీరు అనుకుంటున్నారో అది పది పన్నెండు మాటల్లో రాయండి. రాయలేకపోతే ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదని అర్థం. "మా చెరువు తూము ఈ ఎండాకాలంలోనే బాగు చేయాలి" అనేది వాక్యం. "మా ఊరి సమస్యలు" అనేది వాక్యం కాదు, శీర్షిక.

ఆ వాక్యానికి మూడు దన్నులు చాలు. మూడింటిని జనం మోసుకెళ్లగలరు, ఏడింటిని మోయలేరు. తెలంగాణ ఉద్యమ నినాదం గుర్తు తెచ్చుకోండి: నీళ్లు, నిధులు, నియామకాలు. మూడే మాటలు, మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఎన్నో పేజీల లెక్కలు ఆ మూడు మాటల్లో ఇమిడి ప్రతి ఇంటికీ చేరాయి. ఆత్మకూరు దగ్గర అక్కంపేటలో 1934లో పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ ఆ లెక్కలను దశాబ్దాల పాటు మామూలు జనానికి అర్థమయ్యేలా చెబుతూ వచ్చారు. అంకెలు చెప్పాల్సిన వాళ్లు అలా చేయాలి. ఒక ప్రసంగంలో రెండు మూడు అంకెలే చెప్పి, ఒక్కోదాన్నీ కంటికి కనిపించేలా చేయండి. "నలభై ఎకరాలు తడవడం లేదు" అన్నాక "అంటే బస్టాండు నుంచి బడి దాకా రోడ్డుకు కుడివైపు కనిపించే పొలమంతా" అనండి.

నాలుగో మెట్టు: ఎక్కడ మొదలుపెట్టాలి

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయికి రామప్ప గుడి మీద ఐదు నిమిషాలు మాట్లాడమని వచ్చింది. ఆమె తెచ్చిన కాగితం ఇలా మొదలైంది: "రామప్ప దేవాలయం ములుగు జిల్లా పాలంపేట గ్రామంలో కలదు. దీనిని క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించెను. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను." ఒక్క తప్పు లేదు. కానీ మూడో వాక్యానికి వెనక బెంచీ పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

కాగితం పక్కన పెట్టించి అడిగాను: "ఇందులో నీకు ఆశ్చర్యం అనిపించింది ఏమిటి?" ఆలోచించి చెప్పింది: "ఇటుక నీళ్ల మీద తేలుతదట సార్."

అక్కడి నుంచి మొదలుపెట్టాం. "మీ ఇంటి ఇటుకను బకెట్ నీళ్లలో వేయండి. మునుగుతుంది. పాలంపేటలో ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇటుక ఒకటి ఉంది. అది తేలుతుంది." అక్కడ ఆగమన్నాను, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టమన్నాను. "ఎందుకు తేలేలా చేశారు?" అన్న ప్రశ్న తర్వాత, శిఖరం బరువు తగ్గించడానికి తేలిక ఇటుకలు వాడటం, కింద ఇసుక నింపిన పునాది వేయడం వచ్చాయి. ఇంత ఆలోచించింది ఎవరు అనిపించే చోట రేచర్ల రుద్రుడు, 1213 వచ్చాయి. లోకం ఎప్పుడు గుర్తించింది అనిపించే చోట 2021 వచ్చింది. చివర్లో, మొన్న మా బస్సు అక్కడికి వెళ్లినప్పుడు గోడ మీద ఎవరో పేర్లు చెక్కుతుంటే తాను వద్దన్న సంగతి చెప్పింది. సమాచారం అంతా మొదటి కాగితంలో ఉన్నదే. వినేవాళ్ల మనసులో ప్రశ్న పుట్టాక జవాబుగా రావడంతో అందరూ విన్నారు.

మీ విషయం ఏదైనా ఇలాగే చేయండి. మీకు ఆశ్చర్యమో కోపమో సంతోషమో కలిగించిన ఒక్క చిన్న వస్తువునో సంఘటననో పట్టుకుని మొదలుపెట్టండి. దాని నుంచి ఒక ప్రశ్న లేపండి, ప్రశ్నకు జవాబులుగా మీ మూడు దన్నులూ పెట్టండి. ఆఖర్న వినేవాళ్లు చేయాల్సింది ఏమిటో స్పష్టంగా అడగండి. పదవీ విరమణ సన్మానంలో మాట్లాడినా ఇంతే. "సార్ చాలా మంచివారు, సౌమ్యులు, నిరాడంబరులు" అని విశేషణాలు పేర్చే బదులు, ఆయన మీకు చేసిన ఒక్క మేలు ఏ రోజు, ఎక్కడ, ఎలా చేశారో చెప్పండి.

ఐదో మెట్టు: వాక్యం చివర గొంతు నిలబెట్టడం

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది తెలుగులో మాట్లాడేవాళ్లు తప్పకుండా నేర్చుకోవాల్సింది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది కూడా చివరి రెండు మూడు అక్షరాల్లోనే తేలుతుంది. "తూముకు రిపేరు చేశారు", "తూముకు రిపేరు చేయలేదు". ముందు భాగం అంతా ఒకటే. మనలో చాలామంది గట్టిగా మొదలుపెట్టి, ఊపిరి అయిపోయి, చివరికి వచ్చేసరికి గొంతు కిందికి వదిలేస్తారు. వెనక వరుసలో ఉన్నాయనకు "తూముకు రిపేరు చే..." దాకా వినిపిస్తుంది. చేశారో చేయలేదో తెలియదు. అంటే మీ మాటలో అసలు అర్థమే ఆయనకు చేరలేదు.

సాధన ఇది. పొద్దున్నే పేపర్‌లో ఒక వార్త తీసుకుని నిలబడి గట్టిగా చదవండి. ప్రతి వాక్యం చివరి మాటను మిగతావాటికన్నా కొంచెం నిదానంగా, నొక్కి పలకండి. మొదట నాటకంలా అనిపిస్తుంది, వారం తర్వాత సహజంగా వస్తుంది. ఊపిరి చాలకపోతే వాక్యం పొడుగైందని గుర్తు. మన అలవాటు చూడండి: "మొన్న వానలకు కట్ట తెగి నీళ్లు పొలాల్లోకి వచ్చి నాట్లు కొట్టుకుపోయి రైతులు నష్టపోయి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు." దీన్ని విరవండి: "మొన్న వానలకు కట్ట తెగింది. నీళ్లు పొలాల్లోకి వచ్చాయి. నాట్లు కొట్టుకుపోయాయి. ఇప్పుడు రైతులు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు." ఒక్కో క్రియ ఒక్కో దెబ్బలా పడుతుంది. కాగితం మీద మొదటిది తప్పేమీ కాదు, చెవికి మాత్రం రెండోదే ఎక్కుతుంది.

ఇక ఆగడం. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్తే ఒగ్గు కథ విని రండి. ప్రధాన కథకుడు ఒక మాట వదిలి ఆగుతాడు. పక్కవాళ్లు అందుకుంటారు, డోలు మోగుతుంది, ఆ కాసేపట్లో జనం ఆ మాటను నెమరేసుకుంటారు. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఈ కళను దేశమంతా తిప్పారు. మన వెనక డోలు ఉండదు కాబట్టి ఆ ఖాళీని మౌనంతో నింపాలి. ముఖ్యమైన మాట తర్వాత రెండు మూడు క్షణాలు నోరు మూసి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి. మీకు అది నిమిషంలా అనిపిస్తుంది, వాళ్లకు సరిపోతుంది. "అంటే", "మరి", "ఏందంటే" అని ఆ ఖాళీలో కూరడం మానేయడానికి, సాధన చేసేటప్పుడు పక్కన ఒకరిని కూర్చోబెట్టి లెక్కపెట్టించండి. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఇలా లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటాడు. మన ఇంట్లో ఆరో తరగతి పిల్లాడు ఆ పని ఇంకా శ్రద్ధగా చేస్తాడు.

ఆరో మెట్టు: సాధన

మనసులో చదువుకోవడం సాధన కాదు. నిలబడి, గొంతెత్తి, టైమర్ పెట్టి చెప్పాలి. మొదటి మూడు రోజులు డాబా మీద ఒంటరిగా. తర్వాత ఇంట్లో ఒకరి ముందు. ఆపైన ముగ్గురు నలుగురు దోస్తుల ముందు, కుదిరితే భద్రకాళి చెరువు కట్ట మీదో పబ్లిక్ గార్డెన్‌లోనో. అటూ ఇటూ జనం నడుస్తుంటే ధ్యాస చెదరకుండా మాట్లాడటం అలవాటవుతుంది. వీడియో తీసుకుని రెండుసార్లు చూడండి, ఒకసారి సౌండ్ తీసేసి చేతులనూ ముఖాన్నీ మాత్రమే, ఇంకోసారి ఫోన్ బోర్లా పెట్టి గొంతును మాత్రమే. ఒక విడతలో ఒక్క లోపాన్నే దిద్దుకోండి.

కాగితం పట్టుకోవాల్సి వస్తే పూర్తి పేజీ వద్దు, అది వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. పెళ్లి పత్రిక అట్ట అంత గట్టిదాన్ని అరచేయంత ముక్కలు కోసి, ఒక్కో ముక్క మీద నాలుగైదు మాటలే పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఏడో మెట్టు: మైకు

మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం కిందగా, ఏటవాలుగా పట్టుకోండి. నోటికి సూటిగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్పుమంటుంది. తల అటూ ఇటూ తిప్పితే మైకు కూడా తలతో పాటు తిరగాలి. స్టాండు మైకు ఎత్తు మీకు సరిపోకపోతే సరిచేసుకునే మొదలుపెట్టండి, ఆ పది సెకన్లకు ఎవరూ ఏమీ అనుకోరు.

కీచుమని అరవడం దేనికంటే, సౌండ్ బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, పెరిగి మళ్లీ బాక్సులోంచి రావడం వల్ల. బాక్సుల ముందుకు వెళ్లకండి, మైకు జాలీని పిడికిలితో మూయకండి, మాట అయ్యాక మైకును బాక్సు వైపు వేలాడదీయకండి. ఒకసారి ఒక ఫంక్షన్ హాల్లో నేను ఈ మూడో తప్పు చేశాను. ముందు వరుసలో నిద్రపోతున్న పసిపాప గుక్కపట్టి ఏడ్చింది, తల్లి బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అప్పటి నుంచి సభ మొదలవక ముందే సౌండ్ అబ్బాయి దగ్గరికి వెళ్లి ఎక్కడ నిలబడాలో అడిగి తెలుసుకుంటాను.

ఎనిమిదో మెట్టు: వేదిక మర్యాదలు

మన సభల్లో సమయం ఎక్కువగా పోయేది ఇక్కడే. వేదిక మీద పన్నెండు మంది ఉంటే ప్రతి వక్తా పన్నెండు పేర్లూ బిరుదులతో సహా చదువుతాడు. మీరు అధ్యక్షుల పేరు, ముఖ్య అతిథి పేరు చెప్పి, "వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న మీ అందరికీ నమస్కారం" అంటే చాలు. పేర్లు, హోదాలు ముందే వ్యాఖ్యాతను అడిగి రాసుకోండి. పేరు తప్పు పలికితే ఆ మనిషి తర్వాత మీరు చెప్పేది వినడు.

"నాకు మాట్లాడరాదు", "నేను ప్రిపేర్ కాలేదు" అని మొదలుపెట్టకండి. తమ పనులు మానుకుని వచ్చినవాళ్లకు అది అగౌరవం. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పక్కలకు వదిలేయండి, మాటలో ఊపు వచ్చినప్పుడు అవే లేస్తాయి. చూపు కోసం హాలును మూడు భాగాలు అనుకుని, ఒక్కో భాగంలో మీ మాటకు తలూపుతున్న ఒక్క ముఖాన్ని ఎంచుకోండి. ఒక్కో వాక్యం ఒక్కో ముఖానికి చెప్పండి.

తడబడితే

మరిచిపోతే అప్పుడే చెప్పిన వాక్యాన్ని ఇంకోసారి నిదానంగా చెప్పండి. నొక్కి చెబుతున్నారనుకుంటారు, ఈలోపు తర్వాతి మాట దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే అట్ట ముక్క చూడండి, అందులో దాచాల్సింది ఏమీ లేదు. గ్రామసభలో ఎవరైనా మధ్యలో లేచి అరిస్తే గొంతు పెంచి పోటీ పడకండి. "అన్నా, మీ మాట వింటా, నాది ఇంకొక్క నిమిషం" అని చెప్పి, నిజంగానే నిమిషంలో ముగించి ఆయన మాట వినండి. ప్రశ్నకు జవాబు తెలియకపోతే "కనుక్కుని చెబుతా" అని, అందరూ చూస్తుండగా రాసుకోండి.

ముగింపు

"రెండే నిమిషాలు" అని ఇరవై నిమిషాలు మాట్లాడినవాళ్లను మనం అందరం భరించాం. "చివరగా ఒక్క మాట" అని ఒక్కసారే అనాలి, అన్నాక నిజంగా ఒక్క మాటే చెప్పాలి. ఐదు నిమిషాలిస్తే నాలుగున్నరకు సిద్ధం చేసుకోండి. ఆఖరి వాక్యం కూడా మొదటి మూడింటిలా నోటికి వచ్చి ఉండాలి. అది చెప్పాక ఒక క్షణం ఆగి, నమస్కారం పెట్టి, పరుగెత్తకుండా నడిచి వెళ్లి కూర్చోండి.

అవకాశాలు వెతుక్కోవడం

నేర్చుకున్నది నెలకొకసారైనా వాడాలి. జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం, సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం, సెప్టెంబర్ 9 భాషా దినోత్సవం, నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, ఇవన్నీ కొత్తవాళ్లకు మైకు దొరికే రోజులు. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం లాంటి చోట్ల జరిగే సాహిత్య సభలకు ముందు శ్రోతగా వెళ్లండి. ఎవరి మాట మీకు చేరింది, ఎవరిది చేరలేదు, ఎందుకు అని గమనించండి. బడిలో తల్లిదండ్రుల సమావేశం, సంఘం నెల మీటింగ్, పుట్టినరోజు విందు, ఏదైనా సరే. మొదట "వందన సమర్పణ నేను చేస్తా" అని అడగండి. అది రెండు నిమిషాల పని, ఎవరూ పోటీకి రారు.

మాట్లాడి వచ్చిన రాత్రే ఒక నోట్‌బుక్కులో మూడు సంగతులు రాసుకోండి: ఎక్కడ జనం తలలు పైకెత్తారు, ఎక్కడ ఫోన్లు బయటికొచ్చాయి, వచ్చేసారి మార్చే ఒక్క విషయం. మొదట్లో చెప్పిన అక్క కూడా ఇలాంటి నోట్‌బుక్కు పెట్టుకున్నారు. రెండు నెలల తర్వాత అదే హాల్లో కాగితం లేకుండా లేచి, "విత్తనాలు ఆగుతయా సార్?" అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ఆ రాత్రి నోట్‌బుక్కులో మొదటి వరుసలో ఆమె రాసుకున్నది: "ఆఖరుకు గొంతు తగ్గింది. చూసుకోవాలె."